నేల కింద డీజిల్ కారితే ముందు ఎవరికి తెలుస్తుంది?

ఒడిశాలోని బరంపురం చుట్టుపక్కల, అక్కడి నుంచి గిరిసోల గేటు దాటి ఇచ్ఛాపురం వైపు, పొలాల మధ్యన, రోడ్డు దాటే చోట నాటిన పైప్‌లైన్ రాళ్లు, హెచ్చరిక బోర్డులు చాలామంది చూసే ఉంటారు. పారాదీప్ రిఫైనరీ నుంచి పెట్రోలు, డీజిలు మోసుకుపోయే ఇండియన్ ఆయిల్ గొట్టం మన గంజాం జిల్లా మీదుగానే పోతుంది. బరంపురం, విశాఖ, రాజమండ్రి, విజయవాడ తాకుతూ హైదరాబాద్ దాకా సుమారు 1,200 కిలోమీటర్లు. ఏడాదికి 45 లక్షల టన్నులు పంపేలా వేసిన లైను. భూమి రైతుదే, కింద గొట్టం మాత్రం కంపెనీది. 1962 నాటి చట్టం ప్రకారం కంపెనీకి దక్కేది నేలను వాడుకునే హక్కు మాత్రమే కాబట్టి, రైతు వరి వేసుకోవచ్చు, రాగులు చల్లుకోవచ్చు, కానీ ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు.

లీకైతే ఏంటి పరిస్థితి అని ఎవరినైనా అడగండి. "అంతా కంప్యూటరే కదా బాబూ, చుక్క కారినా వాళ్లకి తెలిసిపోద్ది" అంటారు. ఇది సగమే నిజం. జేసీబీ పంటి దెబ్బకు గొట్టం చీలిందనుకోండి, కంట్రోల్ రూంలో నిమిషాల్లో తెలుస్తుంది, తెలియాలి కూడా. కానీ తుప్పు తిని మూడు మిల్లీమీటర్ల కన్నం పడితే? ఆ కన్నం సంగతి కంప్యూటర్‌కి గంటలు కాదు, రోజులు గడిచినా తెలియకపోవచ్చు. ఎందుకో చెప్పాలంటే కాస్త లెక్కల్లోకి దిగాలి, భయపడకండి, కూడికలు తీసివేతలే.

గొట్టంలో 50 కిలోల ప్రెషర్ ఉందనుకుందాం. చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోలు అని పూర్తిగా అనరు, లైన్ల మీద పనిచేసేవాళ్లు ఉత్త కిలోలే అంటారు. ఆ ప్రెషర్‌లో 3 మిల్లీమీటర్ల కన్నంలోంచి డీజిల్ గంటకు 1,500 లీటర్లకు పైగా చిమ్ముతుంది. చుట్టూ బిగిసిన మట్టి అడ్డంగా ఉంటుంది కాబట్టి అసలులో కొంత తగ్గుతుంది. తగ్గినా సరే, రోజు తిరిగేసరికి రెండు ట్యాంకర్ల సరుకు నేలలోకి ఇంకిపోతుంది. ఆ పొలం రైతుకు అది సర్వనాశనం. గంటకు 5 లక్షల లీటర్లు పారుతున్న గొట్టానికి మాత్రం అది వెయ్యింట మూడు పాళ్లు. కంట్రోల్ రూంలో కూర్చున్నవాడికి, పొలం గట్టు మీద నిలబడ్డవాడికి ఒకే లీకు ఇంత తేడాగా కనిపించడమే ఈ మొత్తం వ్యవహారంలో అసలు చిక్కు.

లీకు పట్టడంలో అన్నిటికన్నా పాత పద్ధతి, ఇప్పటికీ అన్ని చోట్లా వాడే పద్ధతి, ఇటు ఎంత పంపాం, అటు ఎంత చేరింది అని చూసుకోవడం. రెండు చివరలా ఫ్లో మీటర్లు ఉంటాయి. వాటి అంకెలు, దారి పొడవునా ప్రెషర్ అంకెలు, టెంపరేచర్ అంకెలు సెకన్ల వ్యవధిలో స్కాడా అనే వ్యవస్థ ద్వారా కంట్రోల్ రూంకి చేరుతుంటాయి. పంపిన దానికన్నా చేరింది తక్కువైతే లీకు. చెప్పడానికి ఎంత బాగుందో కదా. కానీ తేడా వచ్చిన ప్రతిసారీ లీకు కాదు, తేడా లేని రోజంటూ అసలు ఉండదు.

18 అంగుళాల గొట్టం ఒక 100 కిలోమీటర్లు తీసుకోండి. దాని కడుపులో ఎప్పుడూ కోటిన్నర లీటర్ల సరుకు నిండి ఉంటుంది. డీజిల్ ఒక్క డిగ్రీ చల్లబడితే పదివేలకు ఎనిమిది వంతులకు పైగా కుంచించుకుపోతుంది. వినడానికి చాలా తక్కువ. కోటిన్నర లీటర్ల మీద లెక్క కడితే 12 వేల లీటర్లు, అంటే ఒక ట్యాంకర్. ఒక్క డిగ్రీకి! మే నెల ఎండకు ట్యాంకులో కాగిన డీజిల్ నేల కిందకి దిగి, పోయే కొద్దీ చల్లబడుతూ పోతుంటే, ఎక్కడెక్కడ ఎన్ని డిగ్రీలు తగ్గిందో సరిగ్గా తెలియకపోతే కాగితం మీద లీకు పుడుతుంది, నేల మీద ఏమీ ఉండదు. ఇక ప్రెషర్ సంగతి. పంపు పెంచి లైన్లో 10 కిలోలు ఎక్కించారనుకోండి, లోపలి సరుకు నొక్కుకుంటుంది, ఉక్కు గొట్టం కూడా కంటికి కనిపించనంత ఉబ్బుతుంది, అదే 100 కిలోమీటర్లలో ఇంకో పది పదిహేను వేల లీటర్లు అదనంగా సర్దుకుంటాయి. అటు చేరలేదు, ఎక్కడా కారలేదు, లోపలే ఉంది.

ఇది చాలదన్నట్టు ఒకే గొట్టంలో పెట్రోలు, దాని వెనక డీజిలు, దాని వెనక ఇంకోటి, మధ్యలో అడ్డు గోడ లేకుండానే ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతుంటాయి. ఒక్కోదాని బరువు వేరు, వేడికి వ్యాకోచించే తీరు వేరు. రెండూ కలిసే చోట కొన్ని కిలోమీటర్ల మేర కలగూరగంప తయారవుతుంది, దాన్ని చివర్లో విడిగా తీసి పెట్టుకుంటారు. ఎంత మంచి మీటరైనా వెయ్యికి ఒకటి రెండు పాళ్లు అటూ ఇటూ చూపిస్తుంది. పైన చెప్పిన మన 3 మిల్లీమీటర్ల కన్నం విలువ వెయ్యికి మూడు పాళ్లు. అర్థమైంది కదా, దొంగ ఎంత ఎత్తున్నాడో గోడ కూడా ఇంచుమించు అంతే ఎత్తుంది.

అందుకని కంపెనీలు ఒక గీత గీసుకుంటాయి. ప్రవాహంలో ఇంత శాతానికి మించి తేడా ఇంతసేపు నిలిస్తేనే అలారం మోగాలి అని. గీత ఒక శాతం దగ్గర గీశారనుకుందాం. మన ఉదాహరణలో అది గంటకు 5 వేల లీటర్లు. దానికి తక్కువ కారేదేదైనా ఆ గీత కింద నుంచి దర్జాగా పోతుంది. గీతను కిందకి దించొచ్చు కదా అంటారా, దించొచ్చు, కానీ అప్పుడు పంపు ఆన్ చేసినప్పుడల్లా, సరుకు మారినప్పుడల్లా అలారం మోగుతుంది. మధ్యేమార్గం ఒకటుంది. చిన్న తేడాను నమ్మాలంటే ఎక్కువసేపు చూడాలి. అయిదు నిమిషాల లెక్కలో పెద్ద లీకు మాత్రమే తేలుతుంది, 24 గంటల లెక్క కూడితే మీటర్ల తప్పులు కొంత ఒకదాన్నొకటి కొట్టేసుకుని చిన్న లీకు కూడా పైకి తేలుతుంది. కాబట్టి మంచి వ్యవస్థలో ఈ లెక్కలు నాలుగైదు ఒకేసారి నడుస్తుంటాయి. కానీ గమనించండి, చిన్న లీకు దొరకడానికి పట్టే ఆ 24 గంటలూ అది కారుతూనే ఉంటుంది.

దీనికన్నా ఒక మెట్టు పైన ఉండేది, గొట్టానికి అచ్చుగుద్దినట్టు ఇంకో గొట్టాన్ని కంప్యూటర్లో నడిపించడం. ఎక్కడెంత ఎత్తు, ఎంత వేడి, ఏ సరుకు ఎక్కడుంది, అన్నీ దానికి చెబుతారు. అది క్షణక్షణం లెక్క కట్టి, ఇప్పుడు ఫలానా స్టేషన్లో ప్రెషర్ ఇంత ఉండాలి అంటుంది. నిజం గొట్టంలో అంతకన్నా తక్కువ ఉంటే అనుమానం. పంపులు మారుతున్నప్పుడు కూడా పనిచేయగలగడం దీని గొప్ప. అయితే దానికి ఇచ్చే అంకెలు సరిగ్గా లేకపోతే అది కూడా అబద్ధాలే చెబుతుంది, పైగా చాలా నమ్మకంగా చెబుతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పద్ధతి. గొట్టం ఒక్కసారిగా చీలితే ఆ చోట ప్రెషర్ గభాలున పడిపోతుంది, ఆ పడిపోయిన కబురు లోపలి ద్రవంలో అలగా రెండు వైపులా పరుగెడుతుంది. నిలబడి ఉన్న గూడ్సు బండిని ఇంజను లాగినప్పుడు ఆ కుదుపు డబ్బా నుంచి డబ్బాకి ధడధడమంటూ చివరిదాకా పాకుతుంది చూడండి, ఆ తీరు. డీజిల్లో ఈ అల వేగం సెకనుకు సుమారు ఒక కిలోమీటరు. 80 కిలోమీటర్ల దూరంలో రెండు స్టేషన్లు ఉన్నాయనుకుందాం. అల ఒక స్టేషనుకు, రెండోదానికన్నా 20 సెకన్లు ముందు చేరింది. అంటే ముందు తెలిసిన స్టేషనుకి లీకు 30 కిలోమీటర్లలో ఉంది, రెండోదానికి 50 కిలోమీటర్లలో. ఇంతే లెక్క! అందుకే ప్రతి స్టేషన్లోనూ గడియారాలను జీపీఎస్‌తో కలుపుతారు, ఒక్క సెకను తేడా వచ్చినా లీకు చోటు అర కిలోమీటరు తప్పిపోతుంది, అర కిలోమీటరంటే వాగుకి అవతల వెతకాల్సింది ఇవతల వెతకడం.

దీని బలహీనత కూడా ఆ అలలోనే ఉంది. అల పుట్టేది ఒక్కసారే, కన్నం పడిన ఆ క్షణంలో. తుప్పు మెల్లగా తిని, మొదట చెమ్మగిల్లి, తర్వాత చుక్కై, నెలకి ధారయ్యే లీకు అసలు అలే పుట్టించదు. పుట్టినా దాన్ని వినాల్సిన క్షణంలో పంపు ఆన్ చేసిన కుదుపు వచ్చి పడితే పోయినట్టే.

అలారం మోగితే పని అయిపోయినట్టు అనుకునేవాళ్లకి 2010 జులై 25న అమెరికాలో మిషిగన్ రాష్ట్రం మార్షల్ అనే ఊరి దగ్గర జరిగింది తెలియాలి. ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ 30 అంగుళాల ముడిచమురు లైను, ముందే అనుకున్న ప్రకారం పంపులు ఆపుతుండగా చీలింది. అలారాలు మోగాయి. లైను ఆపినప్పుడు ఎత్తుపల్లాల దగ్గర చమురు ధార తెగి మధ్యలో ఖాళీ ఏర్పడటం మామూలే, అప్పుడు కూడా ఇలాంటి అలారాలే వస్తాయి. కంట్రోల్ రూం వాళ్లు అదే అనుకున్నారు. ఖాళీని నింపుదామని లైను మళ్లీ నడిపారు, ఒకసారి కాదు, రెండుసార్లు. పదిహేడు గంటల తర్వాత స్థానిక గ్యాస్ కంపెనీ ఉద్యోగి ఒకరు ఫోన్ చేసి మీ నూనె వాగులో పారుతోందని చెబితే అప్పుడు తెలిసింది. మొత్తం 32 లక్షల లీటర్లు పోతే, అందులో 81 శాతం ఆ రెండుసార్లు మళ్లీ పంపు చేసినప్పుడు పోయిందేనని అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చింది. యంత్రం చెప్పింది. మనిషి వినలేదు. వినకపోవడానికి కారణం మొండితనం కాదు, అంతకుముందు ఎన్నోసార్లు అదే అలారం ఉత్తిదే అయ్యుండటం.

కాబట్టి ఉత్తుత్తి అలారాల లెక్క చిన్న విషయం కాదు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ లీకు పట్టే వ్యవస్థను నాలుగు రకాలుగా తూచమంటుంది. ఎంత చిన్న లీకు ఎంతసేపట్లో పడుతుంది, అలారం మోగితే ఎంతవరకు నమ్మొచ్చు, చోటు, పరిమాణం ఎంత సరిగ్గా చెబుతుంది, ఒక మీటరు పాడైనా మిగతావాటితో నెట్టుకురాగలదా. వీటిలో మొదటిది పెంచితే రెండోది తగ్గుతుంది, ఇది ఏ సాఫ్ట్‌వేర్‌ అమ్మేవాడూ బ్రోచర్ మొదటి పేజీలో రాయడు.

లోపలి అంకెలు చూసి ఊహించడం ఒక దారైతే, గొట్టం పక్కనే కాపలా పెట్టడం ఇంకో దారి. కొత్త లైన్లతో పాటే కందకంలో ఆప్టికల్ ఫైబర్ కేబుల్ కూడా వేస్తారు, స్టేషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి. ఆ కేబుల్లో ఒక పోగుని చెవిగా మార్చొచ్చని తేలాక కథ మారింది. లేజర్ వెలుగుని చిన్న తునకలుగా పోగులోకి వదులుతారు. గాజు ఎంత స్వచ్ఛంగా ఉన్నా అందులో ప్రతి అంగుళం నుంచీ కొద్దిపాటి వెలుగు వెనక్కి చెదురుతుంది. నేల కదిలితే, ధ్వని తాకితే ఆ చెదిరే వెలుగు తీరు మారుతుంది. గాజులో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి 50 కిలోమీటర్లు వెళ్లి రావడానికి సెకనులో రెండువేలో వంతు చాలు. అంటే సెకనుకి రెండు వేల సార్ల దాకా ఆ 50 కిలోమీటర్ల నేలనీ తడిమి చూడొచ్చు, అదీ కొన్ని మీటర్ల తేడాతో ఎక్కడో చెబుతూ. ఇంకో రకం పోగు వేడిని చూస్తుంది. వేడి చమురు కారితే పక్క మట్టి వేడెక్కుతుంది, అదే గ్యాస్ లీకైతే వ్యాకోచించి చుట్టూ చల్లబరుస్తుంది. డీజిల్ నేల వేడికే సర్దుకుని పారుతుంటే మాత్రం ఈ రెండో రకానికి పెద్దగా ఏమీ కనిపించదు, అది గుర్తుపెట్టుకోవాలి.

మన దేశంలో ఈ ఫైబర్ చెవిని లీకు కన్నా ఎక్కువగా దొంగల కోసం వాడుతున్నారు. గొట్టం మీద మట్టి తవ్వి, కన్నం వేసి, వాల్వు బిగించి, రాత్రిళ్లు డీజిల్ తోడుకునే ముఠాలు ఉన్నాయి కదా, వాళ్లు పార పెట్టి తవ్వడం మొదలెట్టగానే ఫలానా కిలోమీటరు దగ్గర అలికిడి అని తెర మీద పడుతుంది. దొంగ తోడేది కొద్దిగా, అదీ విడతలు విడతలుగా కాబట్టి మీటర్ల లెక్కకు సులువుగా దొరకడు, తవ్వుతున్నప్పుడే పట్టుకోవాలి. ఈ దొంగతనాల్ని మనవాళ్లు కాస్త తేలిగ్గా, సినిమా కథలా చెప్పుకుంటారు గానీ, 2019 జనవరి 18న మెక్సికోలో త్లావెలిల్పాన్ అనే ఊళ్లో ఇలా కన్నం వేసిన పెట్రోలు లైను దగ్గరకి జనం డబ్బాలు పట్టుకుని ఎగబడితే మంటలంటుకుని 130 మందికి పైగా పోయారు.

మన తీరంలో ఈ ఫైబర్‌కి వేరే తలనొప్పి ఉంటుంది. హౌరా-చెన్నై రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి ఒకే పట్టీలో పక్కపక్కన సాగుతాయి. రైలు అదురు, లారీల మోత, నాట్లప్పుడు దమ్ము ట్రాక్టర్లు, వానాకాలంలో పొంగే వాగులు, అన్నీ ఆ పోగుకి వినిపిస్తాయి. ఏది ట్రాక్టరు, ఏది జేసీబీ, ఏది పార అనేది సాఫ్ట్‌వేర్‌కి నేర్పాలి, అదీ ఇక్కడి నేల మీదే నేర్పాలి, ఎక్కడో ఎడారిలో నేర్చుకున్నది బహుదా నది ఒడ్డున పనికిరాదు.

ఇంకా ఉన్నాయి. గొట్టం పక్కన సన్నని ట్యూబు వేసి, చమురు ఆవిరి అందులోకి ఇంకితే రోజుకోసారి గాలి తోసి పరీక్షించే పద్ధతి చాలా చిన్న లీకునీ పట్టగలదు, కానీ వందల కిలోమీటర్లు వేయడం ఖర్చు, అందుకే నది దాటే చోటో, తాగునీటి వనరు పక్కనో మాత్రమే వేస్తారు. డ్రోన్లు, హెలికాప్టర్లు పైనుంచి చూస్తాయి. వాసన పట్టే కుక్కలకీ శిక్షణ ఇస్తారు, అవి చాలా బాగా పనిచేస్తాయి. లైను ఆపేసి, వాల్వులు మూసి, రెండు వాల్వుల మధ్య ప్రెషర్ నిలుస్తుందా లేదా అని గంటల తరబడి చూడటం కూడా ఒక పరీక్షే, చమురు చల్లబడి ప్రెషర్ పడిందా, కారి పడిందా అన్న అదే పాత తగువు అక్కడా ఉంటుంది.

లీకయ్యాక పట్టుకోవడం కన్నా లీకు కాకముందే చూడటం మేలు కదా, ఆ పని పిగ్‌లది. సరుకు తోపుడుకి గొట్టం లోపలే ప్రయాణం చేసే యంత్రం ఇది. మామూలు పిగ్ లోపలి మురికి గీకుతుంది. తెలివైన రకం గొట్టం గోడని అయస్కాంతంతో నింపుతూ పోతుంది, ఉక్కు మందం తగ్గిన చోట అయస్కాంత రేఖలు బయటికి పొంగుతాయి, దాన్ని రాసుకుంటుంది. ఏ కిలోమీటరు, ఏ మీటరు, గడియారం ముల్లు లెక్కన ఏ వైపు, గోడలో ఎంత శాతం తిన్నది, అన్నీ తెలుస్తాయి. ఇండియన్ ఆయిల్, భాభా అణు పరిశోధనా కేంద్రం కలిసి ఇలాంటి పిగ్‌ని మన దేశంలోనే తయారు చేశాయి. కానీ దీన్ని కొన్నేళ్లకోసారే నడుపుతారు, రెండు పరుగుల మధ్య తుప్పు సెలవు తీసుకోదు. 2006 మార్చిలో అలాస్కాలోని ప్రూడో బేలో బీపీ అనే చమురు కంపెనీ లైను తుప్పు తిని, వేలి గోరంత కూడా లేని కన్నంలోంచి దాదాపు 8 లక్షల లీటర్లు మంచు కిందకి కారింది. పట్టుకున్నది ఏ యంత్రమో కాదు, అటుగా బండిలో పోతున్న ఉద్యోగికి వాసన వచ్చింది.

తెలుగువాళ్లకి పైప్‌లైన్ అనగానే ముందు గుర్తొచ్చేది అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని నగరం అనే ఊరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాస్ లైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపడంతో లోపల తుప్పు పట్టిందని విచారణలో బయటపడింది. అది గ్యాస్, ఇది ద్రవం, రెండూ ఒకటి కావు. గ్యాస్ గాల్లోకి లేస్తుంది, నిప్పు తగిలితే క్షణంలో ఊరు పోతుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పల్లంలో, కాలువలో పేరుకుని నిప్పు కోసం ఎదురుచూస్తుంది. డీజిల్ అంత తొందరగా అంటుకోదు గానీ నేలలోకి దిగి బావుల్లో తేలుతుంది, ఏళ్ల తరబడి వదలదు.

ఇంత టెక్నాలజీ ఉన్నాక లీకుల్ని ముందు పట్టేది ఎవరు? అమెరికా ప్రభుత్వ పైప్‌లైన్ నియంత్రణ సంస్థ చేయించిన అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది. ద్రవాలు మోసే లైన్లలో కంట్రోల్ రూం ముందుగా గుర్తించినవి దాదాపు 17 శాతమే. మిగతావి లైను మీద తిరిగే సిబ్బందికో, కాంట్రాక్టు కూలీలకో, మామూలు జనానికో కనిపించినవి. అప్పటినుంచి సాఫ్ట్‌వేర్లు మెరుగయ్యాయి, నిజమే. కానీ 2020 ఆగస్టు 14న నార్త్ కరోలినాలోని హంటర్స్‌విల్ దగ్గర కొలోనియల్ కంపెనీ పెట్రోలు లైను లీకుని కనిపెట్టింది బండ్ల మీద షికారు తిరుగుతున్న ఇద్దరు కుర్రాళ్లు. మొదట రెండున్నర లక్షల లీటర్లు పోయుంటుంది అన్నారు. తవ్వేకొద్దీ, తోడేకొద్దీ ఆ అంకె పెరిగి పెరిగి 75 లక్షల లీటర్ల దగ్గరకి చేరింది. గొట్టంలో పారే మొత్తంతో పోలిస్తే ఆ ధార అంత సన్ననిది, మీటర్ల తప్పుల్లో కలిసిపోయింది.

అందుకే లైన్ వాకర్ అనే ఉద్యోగాన్ని నేను తక్కువగా చూడను. చేతిలో జీపీఎస్ పరికరం పట్టుకుని, తన వంతు కిలోమీటర్లు గట్ల వెంట నడిచే మనిషి. పచ్చగా ఉండాల్సిన గడ్డి ఒక్క చోట మాడిపోవడం, గుంట నీళ్ల మీద రంగురంగుల తెట్టు, తుఫాను తర్వాత వాగు గట్టు కోసుకుపోయి గొట్టం బయటపడటం, ఇవన్నీ ఆ మనిషి కళ్లకే ముందు ఆనతాయి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ చూసినవాళ్లం, ఒక్క రాత్రిలో వాగులు దారి మార్చుకోవడం మనకి కొత్త కాదు. ఈ కాంట్రాక్టు కూలీలకి ఇచ్చే జీతం, సెన్సర్ల మీద పెట్టే ఖర్చు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికి ఎంత విలువ ఇస్తున్నారో తెలుస్తుంది, ఆ గొడవ ఇప్పుడు వద్దు.

మీ ఊళ్లో పైప్‌లైన్ వాళ్లు మీటింగు పెడితే లీకు పట్టే సిస్టమ్ ఉందా అని అడగకండి, ఉందనే అంటారు, ఉంటుంది కూడా. గంటకు ఎన్ని లీటర్ల లీకైతే మీ అలారం మోగుతుంది, ఎంతసేపటికి మోగుతుంది, అంతకన్నా చిన్నదైతే ఎలా పడతారు, పోయినసారి తెలివైన పిగ్ ఎప్పుడు నడిచింది, అలారం వస్తే లైను ఆపే అధికారం డ్యూటీలో ఉన్న మనిషికే ఉందా లేక పైవాళ్లకి ఫోన్ చేయాలా అని అడగండి. చివరి ప్రశ్న ముఖ్యం. పది నిమిషాల్లో అలారానికి కారణం తేలకపోతే లైను ఆపేయాల్సిందేనన్న నియమం ఎన్‌బ్రిడ్జ్‌లో మార్షల్‌కి ముందే ఉంది, ఆ రోజు దాన్ని పాటించలేదు. మీ దగ్గర ఉన్న నియమం ఏంటో చెప్పమనండి.

ఇక మీ పొలంలోనే పెట్రోలు వాసన వస్తే? బీడీ, అగ్గిపెట్టె, మోటారు స్విచ్చి, బండి స్టార్టు, ఏదీ వద్దు, ఫోను కూడా అక్కడే తీయొద్దు. గాలి ఎటు నుంచి వీస్తోందో అటు వైపు నడిచి దూరం పోయాక ఫోన్ చేయండి. డబ్బాలు తెచ్చేవాళ్లని దగ్గరకి రానీయకండి, తిట్టైనా ఆపండి. బోర్డు మీద కంపెనీ అత్యవసర నంబరు ఉంటుంది. బోర్డు ఒడియాలో ఉంటే మాత్రం తిప్పలే, మన తెలుగు ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లు ఒడియా బాగా మాట్లాడతారు గానీ చదవలేరు, కాబట్టి ఆ నంబరు ఇప్పుడే వాళ్ల ఫోన్లో వేసి పెట్టండి, దొరక్కపోతే 112. మాట్లాడేటప్పుడు కొబ్బరితోట పక్కన, అమ్మవారి గుడి వెనక అంటే ఎక్కడో దూరాన కూర్చున్న కంట్రోల్ రూం మనిషికి ఏమీ అర్థం కాదు. దగ్గర్లో ఉన్న పైప్‌లైన్ రాయి మీద కిలోమీటరు నంబరు ఉంటుంది, అది చెప్పండి. ఏ రెండు వాల్వులు మూయాలో ఆ ఒక్క నంబరుతో అతనికి తెలుస్తుంది.